గీత ఎవరు గీశారు, ఏ లెక్కతో గీశారు?



2022 జూలైలో మా ఊళ్ళోకి నీళ్ళొచ్చిన రాత్రి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. విలీన మండలాల్లో ఉన్న మీలో చాలామంది ఊళ్ళోకీ అదే రాత్రి వచ్చాయి. గోదారి ఎగపోటుకి శబరి వెనక్కి తన్నింది. పిల్లల్ని, ముసలోళ్ళని, మేకల్ని, ఒకటో రెండో బియ్యం బస్తాల్ని గుట్ట మీదికి చేర్చేసరికి తెల్లారిపోయింది. పైనుంచి చూస్తే మా చింతచెట్టు తల ఒక్కటే కనబడింది.

నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసుకుంటున్నాం. నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి వచ్చాడు. మా పెద్దాయన ఒకరు అడిగారు: "సారూ, మా ఊరు మొదటి దశ ముంపులోకి రాదన్నారు. మరి మునిగింది గదా?" ఆ ఉద్యోగి కోప్పడలేదు, ఎగతాళి చెయ్యలేదు. "అది కంప్యూటర్ లెక్క తాతా, నా చేతిలో ఏముంది" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. ఆ మాట అప్పట్నుంచి నన్ను వదల్లేదు. కంప్యూటర్‌కి సొంత లెక్క ఉండదు. మనిషి ఒక లెక్క ఎంచుకుని దానికి ఇస్తాడు, అది చేసి పెడుతుంది. ఒకే నదికి, ఒకే కొలతలకి నాలుగైదు రకాల లెక్కలు కట్టొచ్చు. నాలుగూ చూడ్డానికి బాగానే ఉంటాయి. నాలుగూ నాలుగు చోట్ల గీత గీస్తాయి. ఆ నాలుగింట్లో ఒకదాన్ని ఎవరో ఎంచుకున్నారు. మా ఊరు గీతకి ఇవతల పడిందా అవతల పడిందా అన్నది తేలింది అక్కడే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన బతుకు మీద గీత గీసేటప్పుడు, "ఏ లెక్క" అని అడగడం మన హక్కు. "ఇంకే లెక్కలు చూశారు, వాటిని ఎందుకు పక్కన పెట్టారు" అని అడగడం అంతకంటే పెద్ద హక్కు. ఇది అడగాలంటే ఇంజనీరు కానక్కర్లేదు. కొంచెం ఓపిగ్గా చదవండి, చాలు.

మోడల్ అంటే ఏంటి?

మోడల్ అంటే జరిగినదాన్ని చూసి జరగబోయేదాన్ని అంచనా వేసే సూత్రం. అంతే. మీ ఊరి అంగన్‌వాడీలో, బడిలో పిల్లల ఎత్తులు కొలిచారనుకోండి. నాలుగేళ్ళ పిల్ల 100 సెంటీమీటర్లు. తర్వాత ఏడాదికి దాదాపు 6 సెంటీమీటర్ల చొప్పున పెరిగి, పద్నాలుగేళ్ళకి 160 అయింది. గ్రాఫు మీద చుక్కలు పెడితే ఒక తిన్నని గీత వాటి మధ్యలోంచి చక్కగా పోతుంది. లెక్క సరిపోయింది కదా?

ఇప్పుడు అదే గీతని నలభై ఏళ్ళ దాకా లాగండి. ఆ పిల్ల ఎత్తు 316 సెంటీమీటర్లు, అంటే పది అడుగుల పైచిలుకు. అంత మనిషి ఎక్కడైనా ఉంటుందా? గీత తప్పు కాదు. నాలుగు నుంచి పద్నాలుగు దాకా అది బాగానే పనిచేసింది. చుక్కలు ఆగిపోయిన చోటు దాటి లాగినప్పుడు బోర్లాపడింది. అదే చుక్కలకి, "మొదట పెరిగి తర్వాత ఆగిపోయే" వంపు గీత కూడా సరిపోతుంది. కొలిచిన వయసుల్లో రెండు గీతలూ ఒకదాని పక్కనొకటి నడుస్తాయి. కొలవని వయసుల్లోకి పోతే ఒకదానికొకటి సంబంధం ఉండదు.

ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

నదికి ఇదే పని ఎలా చేస్తారు?

ప్రతి ఏడాదీ నది ఎంత ఎత్తుకి పోయిందో, ఎంత నీళ్ళు పారాయో చూసి, ఆ ఏడాది పెద్ద అంకె ఒక్కటి రాసుకుంటారు. నలభై ఏళ్ళుంటే నలభై అంకెలు. ఈ అంకెల వరసకి ఒక సూత్రం తొడుగుతారు. ఆ సూత్రం నుంచి వందేళ్ళ వరద ఇంత, అయిదొందల ఏళ్ళ వరద ఇంత అని తీస్తారు.

తొడగడానికి సూత్రాలు చాలా ఉన్నాయి. గంబెల్ పద్ధతి ఉంది. లాగ్-నార్మల్ ఉంది. లాగ్-పియర్సన్ మూడో రకం ఉంది. జనరలైజ్డ్ లాజిస్టిక్ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థలు లాగ్-పియర్సన్ వాడతాయి. బ్రిటన్‌లో 1999 నాటి మార్గదర్శక గ్రంథం జనరలైజ్డ్ లాజిస్టిక్ వాడమంది. మన దేశంలో ఇంజనీరింగ్ విద్యార్థులు ముందు నేర్చుకునేది గంబెల్. ప్రకృతి ఒక్కటే అయితే దేశానికో సూత్రం ఎందుకుంది? ఎందుకంటే ఏ సూత్రమూ ప్రకృతి చెప్పింది కాదు. మనుషులు పోల్చి చూసి, వాదించుకుని, ఒకదానికి వచ్చారు.

ఇక్కడ ఇంకో మాట. "వందేళ్ళ వరద" అంటే వందేళ్ళకి ఒకసారే వస్తుందని మన ఊళ్ళలో చాలామంది అనుకుంటారు. కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని దాని అర్థం. మీరు ఒక ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్ళు ఉన్నారనుకోండి. ఆ ముప్పై ఏళ్ళలో కనీసం ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం నూటికి 26. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. "వందేళ్ళదాకా భయం లేదు" అని ఎవరైనా గ్రామసభలో అంటే, ఈ అంకె చెప్పండి.

ఏ సూత్రం మేలో ఎలా తేలుస్తారు?

మొదటి పద్ధతి అందరికీ తోచేదే. ఏ గీత చుక్కలకి దగ్గరగా పోతే అది మేలు. కానీ ఇందులో ఒక మోసం ఉంది. పది చుక్కలుంటే, పదింటినీ తాకుతూ పోయే వంకరటింకర గీత ఒకటి ఎప్పుడూ గీయొచ్చు. తప్పు సున్నా! కానీ పదకొండో చుక్క వచ్చేసరికి ఆ గీత ఎటో పోయుంటుంది. కొలతలు తీసుకునే దర్జీ, మనం ఆ రోజు వేసుకున్న చొక్కా ముడతలు కూడా కొలిచి కుడితే ఎలా ఉంటుంది? ఆ ఒక్క రోజు నిలబడిన తీరుకి సరిపోతుంది. మర్నాడు చెయ్యెత్తితే చిరుగుతుంది. ముడతని ఒంటి కొలత అనుకోవడమే స్టాటిస్టిక్స్‌లో ఓవర్ ఫిట్టింగ్.

అందుకే జపాన్ గణాంక శాస్త్రవేత్త హిరోట్సుగు అకైకే 1970ల మొదట్లో ఒక కొలమానం ఇచ్చాడు. దాన్ని ఏఐసీ అంటారు. చుక్కలకి ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేస్తుంది. అదే సమయంలో సూత్రంలో తిప్పుకోడానికి పెట్టుకున్న ఒక్కో మరకి రెండేసి మార్కులు జరిమానా వేస్తుంది. చివరికి ఎవరి అంకె తక్కువైతే వాళ్ళది మేలు. ఉదాహరణకి మొదటి మోడల్‌కి రెండు మరలు, ఏఐసీ 304 వచ్చిందనుకోండి. రెండో మోడల్‌కి మూడు మరలు, చుక్కలకి కొంచెం దగ్గరగానే ఉంది, కానీ జరిమానా కలిపితే 305 వచ్చింది. అప్పుడు మొదటిదే మేలు. ఎక్కువ హంగులున్నది గెలవలేదు, చూశారా.

కానీ అసలు సంగతి ఆ తర్వాత ఉంది. తేడా ఒకటో రెండో అయితే, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళెవరూ "మొదటిది నిజం, రెండోది అబద్ధం" అనరు. "ఈ కొలతలతో ఈ రెండింటిలో ఏది సరైందో తేల్చలేం" అంటారు. నిజాయితీ గల జవాబు అది. మన ఫైళ్ళలో ఎప్పుడూ కనబడని జవాబు కూడా అదే.

మా కాలేజీ ల్యాబ్‌లో నేను ఇదే చేశాను. ఒక నది కొలతలకి మూడు సూత్రాలు తొడిగాను. చుక్కలున్న చోట మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. పరీక్షలన్నింటిలో మూడూ పాసయ్యాయి. గ్రాఫు కుడి చివరికి, అయిదొందల ఏళ్ళ వరద దగ్గరికి పోతే, మూడూ చెట్టు కొమ్మల్లా విడిపోయాయి. మా లెక్చరర్ "ఏదో ఒకటి రాసెయ్, మార్కులు పడతాయి" అన్నారు. రాసేశాను. ఆ రోజు నా రికార్డు బుక్‌లో ఊళ్ళు లేవు. పోలవరం లెక్కల్లో ఊళ్ళున్నాయి.

ఏ ఏడాది నుంచి లెక్కపెట్టారు?

సూత్రం ఒక్కటే కాదు, కొలతలు ఎక్కడ మొదలుపెట్టారన్నది కూడా జవాబుని మార్చేస్తుంది. భద్రాచలం దగ్గర గోదారి అంకెలు మనకి కంఠతా వచ్చు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 1990లో 70.8. 2006లో 66.9. 2022 జూలైలో 71.3.

ఇప్పుడు ఒక చిన్న లెక్క మీరే చేయండి. "గోదారి 70 అడుగులు ఎన్నేళ్ళకొకసారి దాటుతుంది?"

1986 నుంచి 2022 దాకా తీసుకుంటే 37 ఏళ్ళలో 3 సార్లు. సుమారు 12 ఏళ్ళకి ఒకసారి. 1987 నుంచి మొదలుపెడితే 36 ఏళ్ళలో 2 సార్లు. 18 ఏళ్ళకి ఒకసారి. 1991 నుంచి 2021 దాకా తీసుకుంటే 31 ఏళ్ళలో ఒక్కసారి కూడా లేదు! 2021లో ఎవరైనా గత ముప్పై ఏళ్ళ కొలతలు మాత్రమే చూసి లెక్కకట్టి ఉంటే, 70 అడుగులు చాలా అరుదు అనే చెప్పేవాళ్ళు. లెక్కలో తప్పుండేది కాదు, పరీక్షలో పాసయ్యేది. మరుసటి ఏడాదే నీళ్ళు గుట్ట కిందికొచ్చాయి.

మన వైపు కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. 1986 నుంచి లెక్కపెట్టడం కూడా పూర్తిగా న్యాయం కాదు. అందరికంటే పెద్ద వరద వచ్చిన ఏడాది నుంచే మొదలుపెడితే అంకె మనకి అనుకూలంగా పెరుగుతుంది. అవతలివాడు కిటికీ చిన్నది చేస్తే తప్పు, మనం మనకి కావలసిన చోట కిటికీ తెరిస్తే ఒప్పు అనలేం. మంచి పద్ధతి ఏంటంటే, దొరికిన కొలతలన్నీ పెట్టాలి, ఎక్కడ మొదలుపెడితే ఏం వస్తుందో అన్నీ చూపించాలి. ఇంకా మంచిది, పాత ఏళ్ళతో మోడల్ కట్టి, కొత్త ఏళ్ళని దాచిపెట్టి, ఆ మోడల్ దాచిన ఏళ్ళని చెప్పగలిగిందా అని చూడాలి. తను చూసిన ప్రశ్నపత్రానికే జవాబు రాసినవాడికి ఎన్ని మార్కులొస్తే ఏంటి?

ఇంకో సంగతి. ఇలాంటి మోడళ్ళలో చాలావాటికి పునాదిలో ఒక నమ్మకం ఉంటుంది: నది స్వభావం మారదు, నిన్నటి గోదారే రేపటి గోదారి అని. పైన అడవి తగ్గింది, వానలు పడే తీరు మారింది, ఆనకట్టలు పెరిగాయి. మా తాతల లెక్కలో పెద్ద వరద ఆగస్టుది. 2022లో జూలై నడిమధ్యలోనే వచ్చింది. కాలంతోపాటు మారే మోడల్‌ని, మారని మోడల్‌ని పక్కపక్కన పెట్టి పోల్చారా? ఆ పోలిక చేసిన కాగితం మన గ్రామసభ ముందుకి వచ్చిందా?

36 లక్షలు, 50 లక్షలు

పోలవరం దగ్గరికే వద్దాం. 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పు నాటికి స్పిల్‌వే 36 లక్షల క్యూసెక్కులకి అనుకున్నారు. తర్వాత కేంద్ర జలసంఘం మళ్ళీ లెక్కకట్టాక, డిజైన్ 50 లక్షల క్యూసెక్కులకి మారింది. 14 లక్షల తేడా. 1986 వరదలో భద్రాచలం దగ్గర పారింది సుమారు 27 లక్షలని లెక్క. అంటే ఆ తేడానే 86 వరదలో సగం!

మధ్యలో నది మారిపోలేదు. లెక్క మారింది. చూసిన వరదల మీద ఆధారపడడం ఒక దారి. పడగలిగినంత వాన పడితే ఎంత వరద రాగలదని కట్టడం ఇంకో దారి. రెండూ శాస్త్రమే. డ్యాం తెగితే కింద లక్షల మంది పోతారు కాబట్టి డ్యాం కోసం పెద్ద అంకె తీసుకోవడం సబబే. నేను దాన్ని తప్పుపట్టను.

నా ప్రశ్న వేరు. డ్యాం తెగకూడదని 50 లక్షలు పెట్టుకున్నారు. మన ఊరు మునగకూడదని ఎన్ని లక్షలు పెట్టుకున్నారు? వెనక జలాల లెక్క ఏ వరదకి కట్టాలన్న దాని మీదే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు సుప్రీంకోర్టుకి పోయాయి. అంటే ఇది గుట్ట మీద కూర్చున్న కుర్రాళ్ళ అనుమానం కాదు. ప్రభుత్వాలే ప్రభుత్వాలని అడుగుతున్న ప్రశ్న.

ఇక మన ఊళ్ళలో అందరి నోటా ఉండే అంకె, 41.15. మొదటి దశ పునరావాసం 41.15 మీటర్ల కాంటూరు దాకా. పూర్తి నీటిమట్టం 45.72. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపిన గీత. పళ్ళెంలో నీళ్ళు పోస్తే అన్ని వైపులా సమంగా నిలబడతాయి కదా, ఆ గీత వెనకున్న ఊహ అదే. కానీ వరదలో పారే నది పళ్ళెంలో నీళ్ళు కాదు. పైనుంచి కిందికి వాలి ఉంటుంది. డ్యాం దగ్గర ఒక మట్టం ఉంటే, దానికి ఎగువన అంతకంటే ఎత్తుగా ఉంటుంది. కూనవరం దగ్గర శబరి కలిసేచోట రెండు నదులూ ఒకేసారి పొంగితే ఇంకా ఎత్తు. ఒక్కో నదిని విడివిడిగా చూసే మోడల్ ఒక జవాబిస్తుంది, రెండూ కలిసి పొంగే అవకాశాన్ని చూసే మోడల్ ఇంకో జవాబిస్తుంది. శబరి ఒడ్డున పుట్టిన చిన్నపిల్లనడిగినా చెబుతుంది, గోదారి ఎగపోటు లేకుండా శబరి మా ఇంటి దాకా రాదని.

2022 వరదప్పుడు, డ్యాం కట్టడాల వల్లే నీళ్ళు ఎగువకి ఎక్కువ వచ్చాయా లేదా అని రెండు తెలుగు రాష్ట్రాల నాయకులు వాదించుకున్నారు. టీవీల్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు గెలిచారు. దాన్ని తేల్చడానికి దారుంది. అదే వానతో, కట్టడం ఉన్నట్టు ఒక మోడల్, లేనట్టు ఒక మోడల్ నడపాలి. దారిపొడుగునా కొలిచిన మట్టాలకి రెండింటిలో ఏది దగ్గరగా వచ్చిందో చూడాలి. ఆ కాగితం జనం ముందు పెట్టాలి. అంతే.

తప్పు జరిగితే ఎవరి మీద పడుతుంది?

మోడల్ ఎక్కువ చెప్పిందనుకోండి. మునగని ఊరికి కూడా ప్యాకేజీ ఇవ్వాల్సి వస్తుంది. సర్కారుకి డబ్బు ఖర్చు. మోడల్ తక్కువ చెప్పిందనుకోండి. ఒక కుటుంబం ఇల్లు, గొడ్లు, విత్తనాలు, పిల్లల సర్టిఫికెట్లు, పోడు పట్టా కాగితం అన్నీ పోతాయి. రెండు తప్పులూ ఒక్కటి కావు. కానీ ఏఐసీకి, కై-స్క్వేర్ పరీక్షకి ఈ తేడా తెలీదు. వాటికి చుక్క చుక్కే. ఆ చుక్క వెనక ఎవరి ఇల్లుందో లెక్కలో రాదు.

అందుకే, రెండు మోడళ్ళ మధ్య తేడా కొలతలు తేల్చలేనంత చిన్నదైనప్పుడు, "ఇదే బెస్ట్" అని ఒకదాన్ని పట్టుకోవడం శాస్త్రం కాదు, అది నిర్ణయం. నిర్ణయమైతే, దాని నష్టం భరించేవాళ్ళని అడిగి తీసుకోవాలి. లెక్కలు విడిపోయిన చోట, మనిషి ప్రాణం వైపు మొగ్గే లెక్క తీసుకోవాలి. ఇదే నా వాదన. ఇంత చదివి మీకు ఒక్క వాక్యమే గుర్తుంటే, ఇది గుర్తుండాలని నా కోరిక.

"ఎక్కడో ఒకచోట గీయాలి కదా!"

ఒక ఇంజనీరింగ్ స్నేహితుడు నాతో అన్నాడు: "ప్రతి ఊరూ అడిగితే గీత గుట్ట మీదికి పోతుంది. ఎక్కడో ఒకచోట గీయాలి కదా అన్నా." నిజమే. గీత వద్దని నేననడం లేదు. ఎన్ని గీతలు వచ్చాయో, వాటి మధ్య ఎడం ఎంతో, ఆ ఎడంలో ఏయే ఊళ్ళున్నాయో చూపించి గీయమంటున్నాను. ఆ ఎడంలో ఉన్న ఊళ్ళకి కనీసం వరద వచ్చే ముందే కబురు, పడవలు, గుట్ట మీద పక్కా షెడ్డు, రెండో దశ డబ్బుకి తేదీ ఉండాలి.

మనవాళ్ళలో ఇంకొందరు వేరే మాటంటారు. "లెక్కలన్నీ వాళ్ళవే తమ్ముడూ, మనల్ని ముంచడానికే పుట్టాయి. మనకెందుకు ఈ గంబెలూ, గుంబెలూ?" ఆ అన్నలకి గంబెల్ కథ చెప్పాలి.

ఎమిల్ గంబెల్ జర్మనీలో పుట్టిన యూదు, యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు, గణితం పంతులు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశంలో రాజకీయ హత్యలు జరుగుతుంటే, ఆయన ఒక్కొక్కటీ లెక్కరాశాడు. 1922లో అచ్చువేశాడు. మితవాదులు చేసిన హత్యలు 354, అందులో 326కి శిక్షే లేదు. వామపక్షం వాళ్ళవి 22, అందులో శిక్ష పడనివి 4. కోర్టులు ఎటు మొగ్గాయో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేకపోయింది. దానికి ఆయన మూల్యం చెల్లించాడు. 1932లో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠం చెప్పే హక్కు తీసేశారు. దేశం విడిచి ఫ్రాన్స్‌కి, అక్కణ్ణుంచి అమెరికాకి పోయాడు. అక్కడ 1958లో, అరుదుగా వచ్చే పెద్ద ప్రమాదాల లెక్క మీద పుస్తకం రాశాడు. మన నదికి తొడుగుతున్న గంబెల్ సూత్రం ఆయన పేరు మీదే ఉంది.

కాబట్టి లెక్క ఎవరి సొత్తూ కాదు. పట్టుకున్నవాళ్ళ చేతిలో పనిముట్టు. గొడ్డలిని చెట్టుది అంటామా, చేతిది అంటాం గానీ.

మన చింతచెట్టు కూడా కొలతే

మా ఊరి చింతచెట్టుకి ఒక పంగ ఉంది. 86 వరద ఆ పంగ దాకా వచ్చిందని మా తాత చూపిస్తాడు. 2022లో దానికి రెండు మూరల కిందే ఆగింది. ఇలాంటి గుర్తులు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. గుడి మెట్టు, బడి గోడ, ఫలానా వాళ్ళ ఇప్పచెట్టు. ఇవి ముసలోళ్ళ ముచ్చట్లని ఎవరైనా తీసిపారేస్తే ఊరుకోకండి. అమెరికాలో 2018లో వచ్చిన వరద లెక్కల మార్గదర్శకం, బులెటిన్ 17సీ, కొలతలు మొదలవక ముందటి వరద గుర్తుల్ని కూడా మోడల్‌లో ఎలా కలపాలో చెబుతుంది. "ఇంతకంటే తక్కువ కాదు, ఇంతకంటే ఎక్కువ కాదు" అన్న గుర్తు కూడా అందులో పనికొచ్చే డేటాయే. నలభై చుక్కలున్న గ్రాఫుకి, తాత చూపించిన ఒక్క పెద్ద చుక్క కలిస్తే గీత కుడి చివర కదులుతుంది.

ఇంకోటి తెలుసా? నది దగ్గర నిజంగా కొలిచేది ఎక్కువగా అడుగులే. పెద్ద వరద ఉధృతిలో క్యూసెక్కులు నేరుగా కొలవడం కష్టం కాబట్టి, అడుగుల నుంచి లెక్కగట్టి తీస్తారు. అదీ ఒక మోడలే. మోడల్ మీద మోడల్. అలాంటప్పుడు చెట్టు మీది గుర్తుని చులకన చేసే హక్కు ఎవరికుంది?

ఇక మనం చేయాల్సింది

ఈ వానాకాలం లోపు మీ ఊళ్ళో వరద గుర్తులన్నీ తిరిగి చూడండి. పెద్దోళ్ళని వెంటబెట్టుకుని, ఒక్కో గుర్తుకీ ఫోటో తీసి, ఏ ఏడాదిదో, ఎవరు చెప్పారో, నేల నుంచి ఎన్ని అడుగులో రాయండి. గోడ మీద పెయింట్‌తో గీత వేయండి. ఇద్దరు చెప్పింది కలవకపోతే రెండూ రాయండి, ఒకటి దాచకండి. మనం దాస్తే మన లెక్కా వాళ్ళ లెక్కలాగే అవుతుంది.

గ్రామసభలో ఈ అయిదు ప్రశ్నలు అడగండి, తీర్మానంలో రాయించండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా కొలతలు వాడారు? ఎన్ని మోడళ్ళు కట్టి చూశారు, వాటి పేర్లేంటి? ఏ పరీక్షతో పోల్చారు, ఎంత తేడాతో ఒకటి గెలిచింది? ఓడిపోయిన మోడల్ ప్రకారం మా ఊరు ఎక్కడుంది? 2022 వరదతో మోడల్‌ని మళ్ళీ సరిచూశారా?

అయిదో షెడ్యూలు ప్రాంతంలో భూసేకరణకి, పునరావాసానికి ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. గీత మాత్రం చూపించి దాని వెనక లెక్క చూపించకపోతే అది సంప్రదింపు ఎలా అవుతుంది? సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4 చదవండి. జనం మీద ప్రభావం పడే నిర్ణయాలకి సంబంధించిన వాస్తవాలు, కారణాలు అడక్కముందే బయటపెట్టాలని అందులో ఉంది. అడిగినా ఇవ్వకపోతే అప్పీలుకి పోదాం.

డిగ్రీలో స్టాటిస్టిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్ చదివిన చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మనం చదివింది ఉద్యోగం పరీక్షకి మాత్రమే కాదు. దొరికిన కొలతలతో మీరూ మూడు సూత్రాలు తొడిగి చూడండి. ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్ చాలు. మీ జవాబే నిజమని చెప్పకండి. మూడు గీతలూ ఒకే కాగితం మీద గీసి, గోడకి అంటించండి. ఏ గీతకి ఏ ఇల్లు మునుగుతుందో మన అమ్మలు, అయ్యలు వేలుపెట్టి చూపించేలా ఉండాలి.

మొన్న నేను మా ఊళ్ళో అలాంటి కాగితం ఒకటి అంటించాను. మా తాత దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. చదువు రాదాయనకి. మూడు గీతల్లో పై గీత మీద వేలు పెట్టి, "ఇది 86ది లాగుంది. దీన్ని ఎందుకు తీసేశారంట?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. దాన్నే దరఖాస్తులో రాసి పంపాను. మీరూ పంపండి.

జై ఆదివాసీ!